కట్లపాము కాటు ఏ రిజిస్టర్‌లో ఉంది?

వానలు మొదలైన రోజులు. పగలంతా నాట్లలో ఉండి అలిసిపోయి వచ్చిన పాతికేళ్ల కుర్రాడు నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక లేచి కడుపు నొప్పి అన్నాడు. ఒకసారి వాంతి అయింది. తిన్నది పడలేదేమోనని వాళ్లమ్మ వాము నమిలించింది. తెల్లవారుజామున ‘‘రెప్పలు లేవట్లేదే అమ్మా’’ అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. ఎవరో పరుగెత్తి ఆటో తెచ్చేలోపు ఊపిరి ఆగిపోయింది. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. కర్మకాండలు అయ్యాక పంచాయతీ ఆఫీసుకు వెళ్లి మరణం నమోదు చేయిస్తే, కారణం దగ్గర ‘గుండెపోటు’ అని పడింది. లేదా అసలేమీ పడలేదు.

ఇది ఫలానా మనిషి కథ కాదు, నేను కల్పించి చెప్పిందే. కానీ కట్లపాము కరిస్తే మనిషి చాలాసార్లు సరిగ్గా ఇలాగే పోతాడు. దాని కోరలు సన్నం. కాటు పెద్దగా నొప్పి పుట్టదు, నిద్రలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. విషం నరాలను పట్టేశాక ముందు రెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు పడదు, చివరికి ఊపిరి తీసుకునే కండరాలు పడిపోతాయి. అలా పోయిన మనిషి ఏ ఆస్పత్రి రిజిస్టర్‌లోనూ ఉండడు. రిజిస్టర్‌లో లేని చావు జిల్లా లెక్కలోకి రాదు, జిల్లా లెక్కలో లేనిది రాష్ట్రానికి తెలియదు, రాష్ట్రానికి తెలియనిదానికి బడ్జెట్‌లో పద్దు ఉండదు.

మరి పాము కాటుతో దేశంలో ఏటా ఎంతమంది పోతున్నారో ఎలా తెలిసింది? ఇంటింటికీ వెళ్లి అడిగితే తెలిసింది. భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంతో కలిసి, టొరంటోలో పనిచేసే ప్రభాత్ ఝా బృందం ‘మిలియన్ డెత్ స్టడీ’ అనే పెద్ద అధ్యయనం చేసింది. పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఎంపిక చేసిన ఊళ్లలో ఎవరి ఇంట్లో చావు జరిగిందో ఆ ఇంటికి సర్వేయర్ వెళ్తాడు. అతను డాక్టర్ కాదు. ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, పోయిన మనిషికి చివరి రోజుల్లో ఏమైందో అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల భాషలోనే రాసుకుంటాడు. జ్వరం ఎన్ని రోజులు, దగ్గు ఉందా, ఛాతీలో నొప్పి వచ్చిందా, ఎక్కడ పడుకున్నాడు, ఏమైనా కరిచిందా. ఆ కాగితాన్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కారణం నిర్ణయిస్తారు. ఇద్దరికీ పొసగకపోతే మళ్లీ చూస్తారు. దీన్ని వెర్బల్ అటాప్సీ అంటారు. మాటలతో చేసే పోస్టుమార్టం అన్నమాట.

2001–03 మధ్య జరిగిన సుమారు లక్షా 23 వేల మరణాలను ఇలా చూస్తే, అందులో 562 పాము కాటు చావులు తేలాయి. శాతంలో చూస్తే అరకు కాస్త తక్కువే. కానీ దేశం మొత్తానికి లెక్కిస్తే ఏటా దాదాపు 46 వేలు. 2011లో ఈ సంఖ్య అచ్చయినప్పుడు చాలామంది నమ్మలేదు. ఎందుకంటే ప్రభుత్వ ఆస్పత్రులు చూపిస్తున్న లెక్కకు ఇది 30 రెట్లు పైన ఉంది. తేడా ఎక్కడుందో అదే పరిశోధనలో ఉంది: పాము కాటుతో పోయినవాళ్లలో ఆస్పత్రిలో పోయింది 23 శాతమే. మిగతావాళ్లు ఇంట్లో, దారిలో, మంత్రం వేసేవాడి అరుగు మీద పోయారు. 2020లో అదే బృందం 2000 నుంచి 2019 వరకూ లెక్కగట్టి మొత్తం 12 లక్షలు, అంటే ఏటా సగటున 58 వేలు అని తేల్చింది. ఎక్కువ చావులున్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాము కాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని 2019లో లక్ష్యం పెట్టుకుంది. భారత ప్రభుత్వం అదే లక్ష్యంతో 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, అదే ఏడాది నవంబరులో పాము కాటును తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చమని రాష్ట్రాలను కోరింది. పాములు కొత్తగా కరవడం మొదలుపెట్టలేదు. 2011కి ముందూ కరిచాయి. అప్పట్లో లేనిదల్లా ఆ సంఖ్య.

‘వ్యాధి భారం’ అనే మాట వెనకున్న కథంతా ఇదే. ఒక దేశంలో, ఒక జిల్లాలో, ఏ జబ్బు ఎంత నష్టం చేస్తోందో ఒకే కొలతతో కొలవడం. చెప్పడానికి ఒక్క వాక్యం. చేయబోతే అడుగడుగునా చిక్కే.

మొదటి చిక్కు, ఎవరి లెక్క వాళ్లదే కావడం. 1980ల చివర్లో అంతర్జాతీయ సంస్థల్లో మలేరియా వాళ్లు మలేరియాతో ఇంతమంది పిల్లలు పోతున్నారని, నీళ్ల విరేచనాల వాళ్లు ఇంతమందని, న్యుమోనియా వాళ్లు, తట్టు వాళ్లు ఎవరికి వాళ్లు అంకెలు చెప్పేవారు. నిధులు రావాలంటే అంకె పెద్దగా ఉండాలి. ఎవరూ కావాలని అబద్ధమాడి ఉండకపోవచ్చు. కానీ అన్నీ కలిపి కూడితే ప్రపంచంలో నిజంగా చనిపోయిన పిల్లల సంఖ్యనే దాటిపోయేది. ఒకే బిడ్డ తట్టుతోనూ, న్యుమోనియాతోనూ, విరేచనాలతోనూ మూడుసార్లు చనిపోయినట్టు. హార్వర్డ్‌లో పనిచేస్తున్న క్రిస్టఫర్ ముర్రే, ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఉన్న అలన్ లోపెజ్ దీనికొక కట్టుబాటు పెట్టారు. ఒక మనిషికి ఒకే చావు, ఒక చావుకు ఒకే మూల కారణం. ముందు మొత్తం చావులెన్నో తేల్చు, తర్వాత వాటినే పంచు. కూడిక మొత్తాన్ని దాటకూడదు. కిరాణా కొట్టు చిట్టాలో ఉండే నియమమే ఇది, ఆరోగ్య రంగానికి మాత్రం అప్పటిదాకా లేదు.

రెండో చిక్కు దీనికంటే పెద్దది. చావులు మాత్రమే లెక్కపెడితే బతికుండి బాధపడేవాళ్లు కనిపించరు. నడుము నొప్పితో ఎవరూ చచ్చిపోరు, డిప్రెషన్ పేరు మరణ కారణం దగ్గర ఉండదు, రక్తహీనత కాన్పు రోజు దాకా బయటపడదు. ఇంకో పక్క, పాతికేళ్లవాడి చావునూ ఎనభై అయిదేళ్లవాడి చావునూ ఒకటీ ఒకటీ అని కూడితే ఎక్కడో తేడా కొడుతుంది. ఊళ్లో మనం ఏమంటాం? పెద్దాయన పోతే ‘నిండు జీవితం, పండిపోయాడు’ అంటాం. కుర్రాడు పోతే ‘నూరేళ్లూ అప్పుడే నిండిపోయాయా’ అని ఏడుస్తాం. ముర్రే, లోపెజ్ చేసింది ఈ ఏడుపును ఏళ్లలోకి మార్చడమే.

వాళ్లు తెచ్చిన కొలత పేరు డాలీ. డిజెబిలిటీ అడ్జస్టెడ్ లైఫ్ ఇయర్ అన్న మాటకు పొట్టి రూపం. ఒక డాలీ అంటే ఒక మనిషి ఆరోగ్యంగా బతకాల్సిన ఏడాది ఒకటి పోయిందని అర్థం. అది రెండు దారుల్లో పోవచ్చు. ముందుగా చనిపోతే, ఇంకా బతకగలిగి ఉండే ఏళ్లన్నీ నష్టం. జబ్బుతో బతికితే, బతికిన ప్రతి ఏడాదిలోనూ జబ్బు తీవ్రతను బట్టి కొంత భాగం నష్టం. రెండూ కూడితే డాలీ.

ముందుగా చావు సంగతి. ఇంకా ఎన్నేళ్లు బతికేవాడు అన్నదానికి కొలబద్ద ఏది? ఇక్కడ వాళ్లు తీసుకున్న నిర్ణయం నాకు నచ్చింది. ఆ దేశపు సగటు ఆయుర్దాయాన్ని తీసుకోలేదు. అలా తీసుకుంటే పేద దేశపు మనిషి చావు తక్కువ నష్టంగా తేలుతుంది, ఎలాగూ త్వరగా పోయేవాడే కదా అన్నట్టు. అందుకని ప్రపంచంలో ఏ వయసుకు ఎక్కడ అతి తక్కువ మరణాల రేటు ఉందో దాన్నే అందరికీ కొలబద్దగా పెట్టారు. దాని ప్రకారం పాతికేళ్లకు పోయిన మన కుర్రాడి లెక్క 60 ఏళ్లకు పైనే. శ్రీకాకుళంలో పోయినా టోక్యోలో పోయినా అంతే. డెబ్భై ఏళ్లకు గుండె జబ్బుతో పోయినవాళ్ల లెక్క ఇరవైకి అటూ ఇటూ.

బతికుండి పడే బాధ దగ్గరికొస్తే గుడ్డితనం ఎంత, మూర్ఛ ఎంత, మోకాళ్ల నొప్పి ఎంత? పూర్తి ఆరోగ్యానికి సున్నా, చావుకు ఒకటి. మధ్యలో ప్రతి జబ్బుకూ ఒక తూకం వేయాలి. ఎవరు వేయాలి? మొదట్లో ఆరోగ్య నిపుణులు కూర్చుని వేశారు. 2010 నాటి ప్రపంచ వ్యాధి భారం అధ్యయనానికి పద్ధతి మార్చి మామూలు జనాన్నే అడిగారు. బంగ్లాదేశ్, ఇండోనేసియా, పెరూ, టాంజానియాల్లో ఇళ్లకు వెళ్లి, అమెరికాలో ఫోన్ చేసి, ఇంకా ఇంటర్నెట్‌లో వేల మందిని అడిగిన ప్రశ్న ఇలాంటిది: ఒకరికి ఫలానా బాధ ఉంది, ఇంకొకరికి మరో బాధ ఉంది, ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని మీకనిపిస్తుంది? ఇలాంటి వేల జవాబుల నుంచి తూకాలు లాగారు. మన దగ్గర కూడా హైదరాబాద్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్ ప్రశాంత మహాపాత్ర ఆధ్వర్యంలో 1990ల్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వ్యాధి భారాన్ని అంచనా వేసింది, జబ్బుల తీవ్రతను ఇక్కడి జనం ఎలా తూస్తారో అడిగి చూసింది. ఈ సంగతి మన ఆరోగ్య చర్చల్లో దాదాపు వినపడదు.

జనం వేసిన తూకం చూసి కంటి వైద్యులు ఉలిక్కిపడ్డారు. నిపుణులు 0.6 ఇచ్చిన గుడ్డితనానికి జనం తూకం 0.195కు పడిపోయింది. ఆ తర్వాత సవరించినప్పుడు 0.187. ‘సర్వేంద్రియాణాం నయనం ప్రధానం’ అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మనకు ఇది మింగుడుపడదు. కానీ ప్రశ్న మళ్లీ చదవండి. ఎవరి బతుకు ఎక్కువ కష్టం అని అడగలేదు, ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారు అని అడిగారు. చూపు లేని మనిషికి ఒంట్లో జబ్బు లేదు కదా అని జనం అనుకుని ఉంటారు. మన ఊళ్లో ఫుట్‌పాత్ లేకపోవడం, బడి లేకపోవడం, పని ఇచ్చేవాడు లేకపోవడం ఆ తూకంలోకి రాలేదు. కొలత ఏం కొలుస్తుందో, ఏం వదిలేస్తుందో తెలియకుండా అంకె పట్టుకుని బడ్జెట్‌కు పోతే ప్రమాదం ఇక్కడే. ఒక్క తూకం మారితే ఒక జబ్బు జాబితాలో పైనుంచి కిందకి జారిపోతుంది, ఆ జబ్బున్నవాళ్లకు మాత్రం ఏమీ మారదు.

అయినా ఈ తూకాలు చూపించేది తక్కువేమీ కాదు. రక్తహీనతనే చూద్దాం. ఓ మోస్తరు రక్తహీనత తూకం 0.052. అంటే ఏడాదిలో ఇరవయ్యో వంతు. చూడ్డానికి లెక్కలోకి రానిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇప్పుడు ఒక మండలంలో పదివేల మంది ఆడవాళ్లకు ఓ మోస్తరు రక్తహీనత ఉందనుకోండి. 10,000ను 0.052తో గుణిస్తే ఏటా 520 ఏళ్ల ఆరోగ్యం నష్టం. పాతికేళ్లవాళ్లు ఎనిమిది, తొమ్మిది మంది ఒకే ఏడాది చనిపోయినంత. అంతమంది కుర్రాళ్లు ఒకే మండలంలో ఒక్క రోజున పోతే టీవీ వ్యాన్లు వస్తాయి, మంత్రి వస్తాడు. మెట్లెక్కితే ఆయాసపడే పదివేల మంది ఆడవాళ్ల దగ్గరికి ఎవరూ రారు. నిజానికి 2016లో భారతీయులకు ఆరోగ్యం లేని ఏళ్లను అన్నింటికంటే ఎక్కువగా మిగిల్చింది ఐరన్ లోపంతో వచ్చే రక్తహీనతే.

డాలీ మొదటిసారి పెద్ద ఎత్తున జనం ముందుకొచ్చింది 1993లో, ప్రపంచ బ్యాంకు ప్రపంచ అభివృద్ధి నివేదికలో. ఆ చేతి నుంచి రావడం వల్లే దాన్ని అనుమానంగా చూసినవాళ్లున్నారు. ప్రభుత్వాలు ఖర్చు తగ్గించుకోవాలని అదే బ్యాంకు చెబుతున్న రోజులవి. మొదటి లెక్కలో పాతికేళ్ల వయసు ఏడాదికి పసిబిడ్డ ఏడాది కంటే, ముసలివాళ్ల ఏడాది కంటే ఎక్కువ విలువ కట్టారు, భవిష్యత్తులో వచ్చే ఏళ్లకు ఏటా 3 శాతం వడ్డీ కోసినట్టు కోశారు. సుధీర్ ఆనంద్, కారా హాన్సన్ 1997లో దీన్ని గట్టిగా తప్పుబట్టారు. పని చేయగలిగే మనిషికే ఎక్కువ విలువా అని. ఆ విమర్శ వృథా పోలేదు. 2010 అధ్యయనం నుంచి వయసు విలువలనూ ఆ కోతనూ రెండింటినీ తీసేశారు.

ఆ తొలి అధ్యయనం చేసిన మేలూ ఉంది. మరణాల పట్టికల్లో ఎక్కడా కనిపించని డిప్రెషన్, 1990లో ప్రపంచంలో నష్టం చేస్తున్న కారణాల్లో నాలుగోదిగా పైకి వచ్చింది. 2020 నాటికి రెండో స్థానానికి వస్తుందని అప్పుడే అంచనా వేశారు. మానసిక ఆరోగ్యం గురించి ఆరోగ్య మంత్రుల సమావేశాల్లో మాట్లాడటానికి ఆ ఒక్క పట్టిక ఇచ్చినంత ఊతం మరేదీ ఇవ్వలేదని నా నమ్మకం.

ఇదంతా కాగితం మీద లెక్క కదా, దీనివల్ల నిజంగా ఎవరి ప్రాణమైనా నిలబడిందా? దీనికి నాకు తెలిసిన మంచి జవాబు టాంజానియాలో ఉంది.

1990ల మధ్యలో కెనడా సాయంతో అక్కడి రుఫిజి, మొరోగోరో జిల్లాల్లో ఒక ప్రయోగం జరిగింది. ఆ జిల్లాల ఆరోగ్య అధికారుల దగ్గర డబ్బు తక్కువ. మనిషికి ఏడాదికి కొద్ది డాలర్లే. ఆ కొద్ది డబ్బును నిరుటి పద్దు చూసి, పై నుంచి వచ్చిన ఆదేశం చూసి, ఏ విదేశీ సంస్థ ఏ పథకానికి డబ్బిస్తే దాన్ని బట్టి ఖర్చు పెట్టేవాళ్లు. ప్రయోగంలో భాగంగా సర్వేయర్లు సైకిళ్ల మీద ఇంటింటికీ తిరిగి ఎవరు పోయారు, ఎలా పోయారు అని అడిగారు. మన మిలియన్ డెత్ స్టడీ పద్ధతే. ఆ జవాబులను జిల్లా బడ్జెట్ పక్కన పెట్టి చూశారు.

మొరోగోరోలో మలేరియా వల్ల పోతున్న ఏళ్లు మొత్తంలో 30 శాతం, దాని మీద ఖర్చు 5 శాతం. పిల్లల్లో వచ్చే న్యుమోనియా, విరేచనాలు, పోషకాహార లోపం వగైరాల మూట 28 శాతం, ఖర్చు 13. క్షయ వల్ల నష్టం 4 శాతం లోపే, ఖర్చు మాత్రం 22. టీకాలతో ఆపగలిగే జబ్బుల నష్టం 4 శాతం, వాటి మీద ఖర్చు 30.

ఆ చివరి జంట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. తొందరపడేవాడు ఏమంటాడు? నాలుగు శాతం జబ్బుకు ముప్ఫై శాతం డబ్బా, టీకాల ఖర్చు కోసేయండి అంటాడు. కానీ ఆ నష్టం నాలుగు శాతంలో ఆగింది టీకాలు వేస్తున్నందువల్లే. గొడుగు పట్టుకున్నవాడు తడవలేదని గొడుగు దండగ అనడం లాంటిది. వ్యాధి భారం పట్టిక చెప్పేది ఇప్పుడు ఎక్కడ నష్టం జరుగుతోందన్నది. ఎక్కడ డబ్బు పెడితే ఎంత నష్టం ఆగుతుందన్నది వేరే ప్రశ్న. మందే లేని పెద్ద జబ్బు మీద కోట్లు పోసినా ఫలితం రాకపోవచ్చు, చిన్న జబ్బుకు చౌక మందు ఉంటే రూపాయికి పది రూపాయల పని జరగొచ్చు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసే వ్యాసాలు ఏటా కనిపిస్తూనే ఉంటాయి.

టాంజానియా వాళ్లు ఆ పొరపాటు చేయలేదు. అదనంగా వచ్చిన కొద్ది డబ్బును మలేరియా వైపు, పిల్లల జబ్బుల వైపు తిప్పారు. దోమ మందు పట్టించిన తెరలు వాడించారు. జబ్బు చేసిన పిల్లవాడు వస్తే ఒక్క జ్వరానికే మందిచ్చి పంపకుండా దగ్గు, విరేచనాలు, బరువు అన్నీ వరసగా చూసే పద్ధతి నర్సులకు నేర్పారు. తర్వాతి అయిదేళ్లలో రెండు జిల్లాల్లోనూ పిల్లల మరణాల రేటు 40 శాతానికి పైగా తగ్గింది. ఘనత అంతా లెక్కదే అనను, మందులూ మనుషులూ లేకుండా ఏ పట్టికా ప్రాణం నిలపలేదు. కానీ అంతకుముందు కూడా మందులూ మనుషులూ ఉన్నారు. ఎటు పంపాలో తెలియలేదు.

ఇప్పుడు ఈ పనిని ప్రపంచ స్థాయిలో ఎక్కువగా చేస్తున్నది అమెరికాలోని సియాటిల్‌లో ఉన్న ఐహెచ్‌ఎంఈ. జబ్బుల లెక్కలు కట్టే ఈ పరిశోధన సంస్థను గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో 2007లో పెట్టారు, ముర్రే నడిపిస్తున్నారు. 2021 సంవత్సరపు అధ్యయనంలో 371 జబ్బులు, గాయాలు, 204 దేశాలు, ప్రాంతాలు ఉన్నాయి. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా, ఐహెచ్‌ఎంఈ కలిసి లలిత్ దండోనా ఆధ్వర్యంలో ఒక్కో రాష్ట్రానికీ విడిగా లెక్కగట్టి 2017 నవంబరులో ప్రచురించాయి. 1990లో అంటువ్యాధులు, కాన్పు, పోషకాహార లోపం కలిసి దేశపు భారంలో 61 శాతం. 2016కు 33 శాతానికి దిగాయి. గుండె జబ్బు, షుగర్, ఊపిరితిత్తుల జబ్బు, క్యాన్సర్ లాంటివి 30 నుంచి 55కు ఎక్కాయి. అంటువ్యాధులను దీర్ఘకాలిక జబ్బులు కేరళలో 1986కే దాటేశాయి, బీహార్, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్ల అది 2010 దాకా జరగలేదు. దాదాపు పాతికేళ్ల తేడా. ఒకే దేశానికి ఒకే ఆరోగ్య పథకం అన్నప్పుడల్లా నాకీ పాతికేళ్లు గుర్తొస్తాయి. 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా డాలీలను క్రమం తప్పకుండా లెక్కించే ఏర్పాటు చేసుకోవాలని రాసుకుంది.

రాష్ట్రాల వారీగా విడగొట్టినా సగటు దాచేది దాస్తూనే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు, అంటే ఉద్దానంలో, ఏ ఊరికెళ్లినా కిడ్నీ జబ్బుతో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు చూపిస్తారు. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. రాష్ట్రం మొత్తానికి వేసిన పట్టికలో ఉద్దానం ఒక గీతలో కలిసిపోతుంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారంటే అది సియాటిల్ కంప్యూటర్ చెప్పినందువల్ల కాదు. ఏళ్ల తరబడి అక్కడి జనం, డాక్టర్లు, విలేఖరులు మొత్తుకున్నందువల్ల. లెక్క లేనిచోట గొంతే దిక్కు. గొంతు లేనివాళ్లకు లెక్క దిక్కు కావాలి, అది చాలాసార్లు వాళ్ల దాకా రాదు.

రాకపోవడానికి కారణం మళ్లీ ఆ రిజిస్టరే. సమాచారం లేని చోట ఈ అధ్యయనాలు మోడల్స్‌తో పూరిస్తాయి. పక్క రాష్ట్రం ఎలా ఉంది, ఆదాయం ఎంత, చదువు ఎంత అన్నవాటిని బట్టి ఇక్కడ ఇంత ఉండొచ్చని అంచనా. వచ్చే అంకె చూడ్డానికి ఎంతో కచ్చితంగా ఉంటుంది. అందుకే గొడవలు. 2010లో ప్రపంచంలో మలేరియా మరణాలు 6 లక్షల 55 వేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే, ఐహెచ్‌ఎంఈ 12 లక్షల 40 వేలంది. రెండూ నిపుణులవే, ఒకదానికి ఇంకోటి దాదాపు రెట్టింపు. భారత్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా 15 వేలు చెబుతుంటే మిలియన్ డెత్ స్టడీ 2 లక్షల 5 వేలంది. ఇక్కడ నాకు కొంత అనుమానమే. ఇంట్లోవాళ్ల మాటను బట్టి పాము కాటును పట్టుకోవచ్చు, జ్వరంతో పోయినవాడిది మలేరియానో టైఫాయిడో మెదడువాపో మాటలతో చెప్పడం కష్టం. ఒకే పద్ధతి ఒక జబ్బుకు కన్ను, ఇంకో జబ్బుకు చీకటి. ఆ మాటకొస్తే గాటు కనిపించని కట్లపాము చావులు ఈ సర్వేలకు కూడా కొన్ని అందకుండా పోయే ఉంటాయి.

కోవిడ్ దగ్గర ఈ గొడవ వీధికెక్కింది. 2020, 2021లో భారత్‌లో మామూలు కంటే అదనంగా సుమారు 47 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో చెప్పింది. అప్పటికి ప్రభుత్వ లెక్కలో 2021 చివరికి కోవిడ్ మరణాలు 4 లక్షల 81 వేలు. మోడల్ పద్ధతి మాకు వర్తించదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 2025లో బయటికొచ్చిన పౌర నమోదు లెక్కల్లో 2021లో రిజిస్టరైన మరణాలు కోటీ 2 లక్షలు. 2020లో అవి 81 లక్షలు, 2019లో 76 లక్షలు. నమోదు మెరుగుపడటం వల్ల కొంత పెరిగి ఉంటుంది, అంతా అదే కాదు. మూడేళ్ల ముందే ఈ రిజిస్టర్ చేతికొచ్చి ఉంటే మోడల్స్ మీద ఇంత వాదన అవసరం ఉండేది కాదు.

నమోదైన మరణాల్లో డాక్టర్ కారణం రాసి సంతకం పెట్టినవి 2020లో దేశంలో 22.5 శాతం. అందులోనూ చాలా కాగితాల మీద ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని ఉంటుంది. గుండె, ఊపిరి ఆగిపోయాయి అని. చావంటేనే అది. లెక్కలు కట్టేవాళ్లు ఇలాంటివాటిని చెత్త కోడ్‌లు అంటారు, వాటిని పారేయలేక మళ్లీ ఏదో మోడల్ పెట్టి ఇతర జబ్బులకు పంచుతారు. ఇంకో సంగతి, కుటుంబానికి ఇచ్చే డెత్ సర్టిఫికెట్ మీద మరణ కారణం ఉండదు, చట్టమే ఉండకూడదంటుంది. బీమాకో ఆస్తికో ఆ కాగితం కావాలి కాబట్టి అందరం 21 రోజుల్లోపు పరుగెడతాం, లోపలి ఫారంలో కారణం దగ్గర ఏం రాశారో చూసేవాళ్లు తక్కువ. నేనూ పట్టించుకోలేదు. మా తాతయ్య పోయినప్పుడు ఆ ఫారం నింపింది నేనే. ‘వృద్ధాప్యం’ అని రాసి సంతకం పెట్టాను. ఆయనకు పన్నెండేళ్లుగా షుగర్ ఉంది.

ఇక మొదట చెప్పుకున్న కుర్రాడి ఊరి దగ్గరున్న పీహెచ్‌సీకి వెళ్దాం. పాము విషానికి విరుగుడు మందు అక్కడి ఫ్రిజ్‌లో ఎన్ని వయల్స్ (చిన్న సీసాలు) ఉంచాలి? ఒక్క మనిషికి మొదటి డోసుకే ఎనిమిది, పది కావాలి. స్టోర్స్‌కు ఇండెంట్ పెట్టే ఫార్మసిస్టు మామూలుగా చేసేది నిరుడు ఎంత వాడామో చూడటం. నిరుడు ఇద్దరే వచ్చారు, ఒకరిని జిల్లా ఆస్పత్రికి పంపేశారు. ఆ లెక్కన ఈసారి పది పెడితే చాలు. ఒకరికే సరిపోయే మందు ఉందని, రాత్రిపూట డాక్టర్ ఉండడని ఊళ్లో తెలుసు కాబట్టి పాము కరిస్తే పీహెచ్‌సీకి ఎవరూ పోరు. మంత్రగాడి దగ్గరికి పోతారు, లేదంటే యాభై కిలోమీటర్ల దూరంలోని టౌనుకు ఆటో కట్టించుకుంటారు. పీహెచ్‌సీ రిజిస్టర్‌లో పాము కాటు కేసులు ఈ ఏడూ రెండే ఉంటాయి. వచ్చే వానాకాలానికి ఫార్మసిస్టు మళ్లీ అదే రిజిస్టర్ తెరుస్తాడు.